కళ్ళు తెరవని ఆదివారం

నాకు చిన్నప్పటి నుంచి కోపం ముక్కు మీదే ఉంటుంది. ఇంట్లోవాళ్ళకు తెలుసు, కొత్తపేట పండ్ల మార్కెట్లో మా దుకాణం చుట్టుపక్కల వాళ్ళకు ఇంకా బాగా తెలుసు. మాది మామిడి, బత్తాయి కమీషన్ వ్యాపారం. పొద్దున వేలంపాట మొదలైతే నా అరుపులకు బత్తాయిలు వాటంతటవే గంపలోకి దూకుతాయని పక్క దుకాణం ఆయన ఆటపట్టించేవాడు.

ముప్పై రెండేళ్ళ వయసులో చైతన్యపురి సిగ్నల్ దగ్గర ఒక ఆటో డ్రైవర్ కాలర్ పట్టుకున్నాను. అతని ఆటో తగిలి నా స్కూటర్ అద్దం పగిలింది, అంతకుమించి ఏమీ కాలేదు. మనిషి నాకంటే పదిహేనేళ్ళు పెద్దవాడు. చొక్కా గుండీలు తెగి రోడ్డు మీద పడితే, వెనక బండ్లు హారన్లు కొడుతుండగా వంగి ఒక్కొక్కటే ఏరుకున్నాడు. అప్పుడు కూడా నాకు సిగ్గు రాలేదు. ఇంటికొచ్చి స్నానం చేస్తుంటే వచ్చింది.

జరిగింది మా ఆవిడకు చెప్పాను. "దిల్‌సుఖ్‌నగర్ల కరాటే క్లాసు ఉందంట, పో. ఎట్లాగు కొట్లాడుతనే ఉంటవ్, జర సక్కగ కొట్లాడుడన్న నేర్సుకో" అంది. ఎగతాళికే అంది. నేను నిజంగానే వెళ్ళాను.

దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు వెనక సందులో ఒక నాలుగంతస్తుల బిల్డింగు. కింద జిరాక్సు షాపు, దానిమీద కోచింగ్ సెంటరు, ఆపైన రెండంతస్తుల్లో మగపిల్లల హాస్టల్, అన్నిటికీ పైన టెర్రస్. అక్కడ నీళ్ళ ట్యాంకుల పక్కన, రేకుల షెడ్డు కింద మా క్లాసు. మాస్టర్‌కు అప్పటికి యాభై దాటాయి. సన్నగా, నల్లగా, గట్టిగా ఉండేవారు. పగలు ఒక ప్రైవేటు బడిలో పీఈటీ సారు, తెల్లవారుజామున మాకు మాస్టర్.

మొదటిరోజు ఆయన నాకు ఒక్క దెబ్బ కూడా నేర్పలేదు. కాళ్ళు ఎడంగా పెట్టి, మోకాళ్ళు వంచి, గుర్రం మీద కూర్చున్నట్టు నిలబడమన్నారు. రెండు నిమిషాలు కాకముందే నా తొడలు వణికిపోయాయి. మూడో నిమిషంలో కూలబడ్డాను. ఆయన నా పక్కన కూర్చుని మెల్లగా అన్నారు.

"గింతేనా నీ కోపం? తొడల కాడికే అయిపాయె గద."

నాకు ఒళ్ళు మండింది. ఆ మంటతోనే మర్నాడు కూడా వెళ్ళాను, ఆ తర్వాత ఆరేళ్ళు వెళ్ళాను. మొదటి సంవత్సరమంతా ఒంటికే చాకిరీ. సిమెంటు నేల మీద పిడికిళ్ళు ఆనించి దండీలు తీస్తే వేళ్ళ కణుపులు పగిలేవి. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుని పసిపిల్లాడిలా దిగేవాణ్ణి. మా ఆవిడ కర్పూరం కలిపిన కొబ్బరినూనె రాస్తూ, "కొట్లాటలల్ల గూడ ఇన్ని దెబ్బలు తాకలే నీకు" అని నవ్వేది.

ఒళ్ళు దారికొచ్చాక మనసు పని పట్టారు. నన్ను చేతులు వెనక్కి కట్టుకుని నిలబడమని, క్లాసులో ఒక్కొక్కరినీ పిలిచి నా ముక్కు దాకా గుద్దు విసరమనేవారు. తగలదు, అంగుళం దూరంలో ఆగిపోతుంది. నేను రెప్ప కొట్టకూడదు, వెనక్కి జరగకూడదు, కోపం తెచ్చుకోకూడదు. మూడు నెలలు అదే. నాలుగో నెలలో ఒకరోజు ఎవరిదో గురి తప్పి నిజంగానే ముక్కుకు తగిలి రక్తం కారింది. నేను కదల్లేదు. కోపం కూడా రాలేదు. ఆ రోజు నాకంటే మాస్టరే ఎక్కువ సంతోషపడ్డారు. మా ఆవిడైతే మూడు రోజులు నమ్మలేదు.

మూడోది కళ్ళు మూసుకుని కూర్చోవడం. క్లాసు ముగిసేముందు అందరం వరసలుగా మోకాళ్ళ మీద కూర్చునేవాళ్ళం. మాస్టర్ మాకు ఎదురుగా కూర్చుని "మొకుసో" అనేవారు. కళ్ళు మూసుకోవాలి. మళ్ళీ ఆయన "యామే" అనేదాకా తెరవకూడదు. మామూలు రోజుల్లో ఐదు నిమిషాలు. ఆదివారం మాత్రం ఎంతసేపన్నది ఆయన ఇష్టం. మధ్యలో మమ్మల్ని పరీక్షించేవారు. స్టీలు సీసా మూత కింద పడేసేవారు. చెవి పక్కన చప్పట్లు కొట్టేవారు. ఒకసారి గట్టిగా గురకపెడితే వెనక వరసలో ఎవరో పక్కున నవ్వారు. కళ్ళు తెరిచినవాళ్ళకు ఒకటే మాట, "పో, చెప్పులేసుకో." ఆ రోజుకు వాళ్ళు ఇంటికే. తిట్టడం, కొట్టడం ఏమీ ఉండేది కాదు.

చేరిన కొత్తలో నా ఫోను మోగితే కళ్ళు తెరిచాను. అందరూ కళ్ళు మూసుకుని ఉండగా నేనొక్కణ్ణే చెప్పులేసుకుని ఆ నాలుగంతస్తులు దిగాను. ఎవరూ చూడలేదు, అయినా ఊరంతా చూసినట్టే ఉంది. ఆ తర్వాత ఇంకెప్పుడూ కళ్ళు తెరవలేదు. నిజం చెప్పాలంటే నాకు బ్లాక్ బెల్టు కంటే దాని గురించే గర్వం ఎక్కువ.

ఆయన ఒక మాట అనేవారు. "ముందుగాల ఒళ్ళు మాటింటది. తర్వాత మనసు మాటింటది. ఆఖర్ల నీకు లోపట ఏదో ఇనపడుతది. గది ఇన్నోనికి ఇగ మాస్టర్ అక్కెర లేదు." మూడోది నాకు వినపడిందనే అనుకునేవాణ్ణి.

ఆరో ఏడు వచ్చేసరికి క్లాసులో అందరికంటే సీనియర్ని నేనే. మార్కెట్టు అప్పటికి కొత్తపేట నుంచి ఊరి బయట బాటసింగారానికి వెళ్ళిపోయింది. క్లాసు కాగానే హైవే ఎక్కి పరుగెత్తాల్సి వచ్చేది, అయినా మానలేదు. ఆ సంవత్సరమే బ్యాంకులో పనిచేసే ఒక మేడం చేరారు. తెనాలి వైపు వాళ్ళు, కొత్తపేటలో స్థిరపడ్డారు. నలభై ఐదేళ్ళుంటాయి. షుగర్ వచ్చిందని డాక్టరు ఒళ్ళు వంచమంటే ఇటు వచ్చారట. దేనికైనా ప్రశ్న వేసేవారు. "ఇదెందుకండీ మాస్టారూ, ఇలా ఎందుకు తిప్పాలి?" అని. నాకు చిరాకు. మాస్టర్‌కు మాత్రం ఆమెంటే ఇష్టం.

నేను చెప్పబోయే ఆదివారం నాటికి మామిడి సీజను ఇంకా మొదలుకాలేదు. నాకు తొందర లేదు. క్లాసు జరుగుతుండగా మాస్టర్ రెండు మూడుసార్లు కుడిచెయ్యి విదిలించుకోవడం చూశాను. "ఏమైంది మాస్టర్?" అంటే, "తిమ్మిరెక్కింది, ఏం లే" అన్నారు. నేను మళ్ళీ అడగలేదు. నొప్పిని ముఖం మీద పెట్టుకుని క్లాసుకు రావొద్దని మాకు నేర్పిందే ఆయన.

పద్నాలుగు మందిమి కూర్చున్నాం. నేను ముందు వరసలో, మేడం నా వెనక. "మొకుసో" అన్నారు. మాట కొంచెం ముద్దగా వచ్చినట్టనిపించింది. కళ్ళు మూసుకున్నాను.

కాసేపటికి దబ్బుమని శబ్దం, బస్తా దించినట్టు. నాకు లోపల నవ్వొచ్చింది, ఈసారి పరీక్ష కొత్తగా ఉందే అనుకున్నాను. తర్వాత గురక. పోయినసారి గురకకు నవ్వినవాళ్ళు ఈసారి నవ్వలేదు. అందరం గట్టిపడ్డామని సంతోషమేసింది.

వెనక నుంచి మేడం గొంతు వినిపించింది. "ఏమండీ, మాస్టారు ఊపిరి అదోలా తీస్తున్నారండీ. ఒక్కసారి చూడరూ."

నేను కళ్ళు తెరవకుండానే అన్నాను. "కండ్లు తెర్వకుండ్రి మేడం. పరీక్ష అది."

"కాదండీ, నాకేదో భయంగా ఉంది."

"మేడం, సప్పుడు చెయ్యకుండ కూసోండ్రి!"

ఈ మాట మాత్రం మార్కెట్ గొంతుతో అన్నాను. ఆమె ఊరుకున్నారు. ఇంకెవరూ నోరు మెదపలేదు. బిల్డింగు ముందువైపు నుంచి మెట్రో రైలు చప్పుడు వచ్చింది, పోయింది. మళ్ళీ ఒకటి. మళ్ళీ ఒకటి. ఆదివారం పూట రైళ్ళు అంత వెంటవెంటనే రావు, అంటే చాలాసేపే అయింది. నా మోకాళ్ళు మొద్దుబారిపోయాయి. అయినా నాలో ఎంత ప్రశాంతత ఉండిందో చెబితే మీరు నమ్మరు. నా బతుకులో అంత నిశ్చలంగా ఎన్నడూ కూర్చోలేదు. ఇవాళ తలుచుకుంటే నాకు అన్నిటికంటే అసహ్యం కలిగించేది అదే.

హాస్టల్ వాచ్‌మన్ ట్యాంకు నిండిందేమో చూడ్డానికి పైకొచ్చాడు. వచ్చీ రాగానే కేక పెట్టాడు. "అరె, సార్ పడిపోయిండు! ఏం జేస్తున్నరు మీరందరు? మనిషి సచ్చిపోతున్నడు!"

కళ్ళు తెరిచాను. మాస్టర్ ఒక పక్కకు ఒరిగి పడున్నారు. మూతి ఒకవైపు వంకరపోయింది. కళ్ళు మాత్రం తెరిచే ఉన్నాయి, మా వైపే చూస్తున్నాయి.

లిఫ్టు లేని బిల్డింగు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నలుగురం నాలుగంతస్తులు దించాం. మేడం కారులో దవాఖానకు తీసుకెళ్ళాం. పడిపోయి ఎంతసేపైందని డాక్టరు అడిగితే నేను మేడం వైపు చూశాను. మేడమే చెప్పారు, "దగ్గర దగ్గర ముప్పావుగంట అవుతోందండీ." ఈ జబ్బులో ప్రతి నిమిషమూ విలువైనదేనని, ఎంత త్వరగా తెస్తే అంత మంచిదని డాక్టరు అన్నారు. మమ్మల్ని తిట్టలేదు. లోపలికి వెళ్ళిపోయారు.

తర్వాత మాస్టర్ భార్య వచ్చారు. ఆమెను మేమంతా అక్కా అనేవాళ్ళం. వంట మధ్యలో లేచి వచ్చినట్టున్నారు, చేతికి పసుపు అంటుకుని ఉంది. నా చొక్కా పట్టుకుని అడిగారు.

"ఎట్లయింది తమ్మీ? ఎంతసేపాయె?"

"క్లాసుల పడిపోయిండక్కా. ఎంటనే తెచ్చినం" అన్నాను.

ఆ మాట ఎందుకన్నానో, ఎట్లా అన్నానో నాకు తెలీదు. నోట్లోంచి వచ్చేసింది. మేడం పక్కనే ఉన్నారు. ఒకసారి నా ముఖంలోకి చూసి తల దించుకున్నారు. ఆ తర్వాత ఆమె నాకు మళ్ళీ కనిపించలేదు.

మాస్టర్ బతికారు. కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి, మాట పోయింది. సీనియర్‌వి, క్లాసు నువ్వు నడిపించు అని అందరూ నన్నే అడిగారు. నాలుగు ఆదివారాలు ప్రయత్నించాను. "మొకుసో" అనే చోటికి వచ్చేసరికి, ఆ మాట అనకుండానే అందర్నీ ఇంటికి పంపేసేవాణ్ణి. ఐదోవారం వెళ్ళలేదు. ఇప్పుడా టెర్రస్ మీద హాస్టల్ పిల్లలు బట్టలు ఆరేసుకుంటున్నారు.

మాస్టర్ ఇల్లు ఎల్బీనగర్ చౌరస్తా దాటాక, చింతల్‌కుంట వైపు ఒక సందులో. నాకు బాటసింగారం వెళ్ళే దారే. రోజూ పొద్దున ఆగేవాణ్ణి. ఫిజియోథెరపీ ఆయన చూపించినట్టు ఆ కుడిచెయ్యి పైకెత్తి, వంచి, చాపి, మళ్ళీ ఎత్తేవాణ్ణి. క్లాసులో లెక్కపెట్టినట్టే జపాను అంకెల్లో "ఇచ్చి, నీ, సాన్, షీ" అని లెక్కపెట్టేవాణ్ణి. ఇటుకను రెండు ముక్కలు చేసిన చెయ్యి అది. నా చేతుల్లో ఉతికిన టవలులా వేలాడేది. పదికి రాకముందే నాకు ఏడుపు వచ్చేది, దగ్గు వచ్చినట్టు నటించేవాణ్ణి.

అక్క చాయ్ తెచ్చి ఇస్తూ రోజూ ఒకటే మాట. "మీరు ఎంటనే తేకపోతే ఈ మనిషి దక్కకపోవు తమ్మీ. సొంత తమ్ముడు గూడ ఇట్ల జెయ్యడు."

కక్కలేక మింగలేక అంటారే, ఏడాదిన్నర పాటు నా బతుకు అదే. చెబుదామనుకుని బండి ఆపేవాణ్ణి, చెప్పకుండానే బండెక్కేవాణ్ణి. దారిలో నా మీద నాకు పట్టలేని కోపం వచ్చేది. కొన్నిసార్లు ఆయన మీద కూడా వచ్చేది, దాచడం ఎందుకు. కళ్ళు మూసుకోవడం అంత బాగా నేర్పిన మనిషి, ఎప్పుడు తెరవాలో ఎందుకు నేర్పలేదు? గుద్దు వస్తుంటే రెప్ప కొట్టొద్దన్నారు, ఫోను మోగితే చూడొద్దన్నారు, ఒక మనిషి కింద పడితే మాత్రం చూడండిరా అని ఎందుకనలేదు? బండి మీద అరిచినంత పని చేసేవాణ్ణి. హయత్‌నగర్ దాటేసరికి ఆ కోపం చల్లారేది. అది చెప్పక్కర్లేదు కాబట్టే ఆయన చెప్పలేదు. మేడంకు ఎవరూ నేర్పకుండానే తెలిసింది. ఆమెకు వినపడింది, నేను నోరు మూయించాను.

రెండో ఏడు మాస్టర్‌కు మాట కొద్దికొద్దిగా రావడం మొదలైంది. "నీళ్ళు", "సాలు", "వచ్చినవా", ఇంతే. ఒక్కో మాటకు ఎంతో సేపు పట్టేది.

రాఖీ పున్నమి రోజు వెళ్ళేసరికి అక్క కొత్త చీర కట్టుకుని ఉన్నారు. పళ్ళెంలో రాఖీ, కుంకుమ, మిఠాయి, వెలిగించిన దీపం. ఆమెకు తోడబుట్టినవాళ్ళు లేరు. "ఇన్నేండ్లు ఎవ్వరికి కట్టలే. ఈ యేడు నీకు కడుత. చెయ్యి సాపు తమ్మీ" అన్నారు. మాస్టర్ మంచం మీద దిండుకు ఆనుకుని చూస్తున్నారు, మూతి ఎడమవైపు నవ్వుతోంది.

నేను చెయ్యి చాపలేదు. వెనక్కి లాక్కున్నాను.

అంతా చెప్పేశాను. శబ్దం విన్నానని, గురక విన్నానని, మేడం రెండుసార్లు చెప్పినా వినలేదని, నా అరుపుకే ఎవరూ కదల్లేదని, వాచ్‌మన్ రాకపోతే ఇంకా కూర్చునే ఉండేవాళ్ళమని. "ఎంటనే తెచ్చినమని నీకు అబద్ధం చెప్పిన అక్కా" అన్నాను. మాస్టర్ కాళ్ళ దగ్గర కూర్చుని, కొట్టండి మాస్టర్ అన్నాను. ఎడమచెయ్యి ఉంది కదా, దాంతోనైనా కొట్టండి అన్నాను. నిజంగానే కొడతారని ఎదురుచూశాను.

ఆయన నోరు కదిలింది. మాట రావడానికి చాలాసేపు పట్టింది.

"సూసిన" అన్నారు.

నాకు అర్థం కాలేదు. మళ్ళీ అన్నారు. "నేను... సూసిన. పడుకోని... మిమ్మల్నే సూసిన." కాసేపు ఊపిరి తీసుకున్నారు. "ఒక్కరు... గూడ... కండ్లు తెర్వలే." ఎడమచెయ్యి మెల్లగా వచ్చి నా భుజం మీద పడింది. రెండుసార్లు తట్టారు. "శభాష్" అన్నారు.

ఆయన కళ్ళల్లో నీళ్ళున్నాయి. అవి సంతోషంతో వచ్చినవి. అక్కడ పడి, అరవలేక, కదల్లేక ఉన్నంతసేపూ ఆ మనిషి మమ్మల్ని చూసి పొంగిపోయారన్నమాట. నన్ను క్షమించాల్సింది ఏదైనా ఉందనే ఆయనకు తోచలేదు. కొట్టి ఉంటే భరించేవాణ్ణి. ఆ శభాష్‌ను నేను ఇప్పటికీ భరించలేకపోతున్నాను.

అక్క పళ్ళెం పట్టుకుని అలాగే నిలబడ్డారు. దీపం ఆరిపోయింది, ఆమె చూసుకోలేదు. గొంతు ఏమాత్రం పెంచకుండా అన్నారు.

"ఆయన మాస్టర్. ఆయనకు గట్లనే అనిపిస్తది. నువ్వు ఆయన మాట నిలబెట్టినవ్. నాకేం నిలబెట్టినవ్? నాకు మాత్రం ఆయన చెయ్యి కావాల్నుండె. నాతోని మాట్లాడే మనిషి కావాల్నుండె."

పళ్ళెం తీసుకుని లోపలికి వెళ్ళిపోయారు. మాస్టర్ కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని లెక్క మొదలుపెట్టాను, పూర్తిచేసి లేచాను.

మర్నాడూ వెళ్ళాను. ఇప్పటికీ రోజూ వెళ్తున్నాను. అక్క తలుపు తీస్తారు, చాయ్ గ్లాసు బల్ల మీద పెడతారు. నాతో మాట్లాడరు.